పట్టుకు సంబంధం

కళ్ళంలో వరికుప్ప విప్పే రోజునే పట్టు ఎదకు వచ్చింది.

తులసమ్మ వంటింటి గడప దగ్గర కత్తిపీట వేసుకుని, నూర్పిడి కూలీల కూర కోసం వంకాయలు తరుగుతోంది. ఆమె పిల్లి పట్టు వచ్చి పాదానికి చెంప రుద్దింది. మళ్ళీ రుద్దింది. తర్వాత వాకిట్లోకి పోయి దుమ్ములో ఇటునుంచి అటు దొర్లి, ముందుకాళ్ళు నేలకు ఆనించి, నడుము పైకెత్తి, వెనకకాళ్ళతో పిండి తొక్కినట్టు తొక్కుతూ గొంతు విప్పింది. పసిబిడ్డ ఏడుపుకూ మేక అరుపుకూ నడుమ ఉండే ఆ సాగదీసిన కూత వినగానే తులసమ్మ వంకాయను సగంలో వదిలేసి లేచింది.

మొట్టమొదట రాజా కోసం వెతికింది. రాజా ఆ ఇంటి మగపిల్లి. అప్పటికే చెవులు నిక్కబొడుచుకుని గోడ దిగుతోంది. దాన్ని చంకలో ఇరికించుకుని, చేతులు గీరుతున్నా వదలకుండా తీసుకెళ్ళి విత్తనాల కొట్లో వేసి గొళ్ళెం పెట్టింది. గొళ్ళెం ఒక్కటే చాలదనిపించి తాళం కూడా వేసింది.

జవళగేర పక్కన, కాలువ కింద సాగుకు వచ్చిన ఆంధ్ర రైతులు కట్టుకున్న ఆ క్యాంపులో అలాంటి పిల్లులు మరెవరికీ లేవు. పొగరంగు ఒళ్ళు, వేళ్ళు మునిగేంత బొచ్చు, మెడ చుట్టూ జూలు, రాగిరంగు కళ్ళు. మునీరాబాదులో ఆనకట్ట కట్టిన బెంగాలీ ఇంజనీరు బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక జతను తులసమ్మకు ఇచ్చి పోయాడు. ఆ జతలో ఆడది పోయిన ఎండాకాలంలో చచ్చిపోయింది. ఇక మిగిలింది రాజా, రాజాకు పుట్టిన పట్టు.

ఆ రెండింటికీ పోయిన ఈతలో పుట్టిన పిల్లలు ఒక్కటీ నిలవలేదు. తులసమ్మ దూది వత్తి మేకపాలలో ముంచి ఒక్కొక్క పిల్ల నోట్లో పెట్టింది. ఒకదానికి పట్టిన పాలు పట్టినట్టే ముక్కులోంచి బయటికి వచ్చాయి. మిగతావి ఏ జబ్బూ లేకుండానే రోజురోజుకూ తేలికైపోయాయి. గేదెను చూడడానికి వచ్చిన పశువుల డాక్టరు చచ్చిపోయిన పిల్ల నోరు చిటికెనవేలితో తెరిచి, అంగిలి మధ్యలో చీలిక చూపించాడు. పిల్లల తండ్రి ఎవరని అడిగాడు. రాజా అంది. తల్లికి తండ్రి ఎవరన్నాడు. రాజాయే అంది. చనిపోయిన ముసలి ఆడపిల్లి, పట్టు తల్లి, రాజాకు ఏమవుతుందన్నాడు. ఒకే ఈతలో పుట్టాయి అంది.

"ఒకే రక్తం తిరిగి తిరిగి కలుస్తుంటే లోపల దాక్కున్న లోపాలన్నీ పైకి వస్తాయమ్మా," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "మగపిల్లిని బయటినుంచి చూసుకోండి. లేకపోతే మీ ఇంట్లో ఈ జాతి ఇంతటితో సరి."

అప్పటినుంచి ఆమె అడగని మనిషి లేడు. ఇవాళ కళ్ళానికి నీళ్ళకడవ తీసుకెళ్ళడానికి వచ్చిన ఉలిగెమ్మ, కొట్లో రాజా గోలా వాకిట్లో పట్టు గోలా విని అక్కడే ఆగిపోయింది. ఉలిగెమ్మ జవళగేర మనిషి. నాట్లకూ కోతలకూ ఈ ఇంటికే వస్తుంది. తులసమ్మ పిల్లికి మగతోడు దొరకలేదని చెబుతుంటే విని, కడవ కింద పెట్టింది.

"గిట్లాంటిదే మొగపిల్లి కల్లూరుల ఉన్నది గదమ్మా. మా అక్క నింగవ్వ పనిచేసే గౌడరింట్ల. నేనే చూసిన. తోక గింత లావు ఉంటది."

తులసమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. రంగేమిటి, కళ్ళేమిటి, ముక్కు చప్పిడిగా ఉందా అని ఒకటే ప్రశ్నలు. ఉలిగెమ్మ అన్నింటికీ ఔనంటుంటే తులసమ్మ మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం బస్సుకే పోదామంది.

బాపయ్య మజ్జిగ కోసం ఇంట్లోకి వచ్చేసరికి భార్య మూత ఉన్న వెదురుబుట్టలో పాత పంచె పరుస్తోంది. సంగతి విన్నాడు.

"కుప్ప నూర్చేవేళ పిల్లికి పెళ్ళి చెయ్యడానికి ఊరెళ్తానంటావేంటే? ఇంతమందికి అన్నం ఎవరు వండుతారు?"

"పక్కింటి బుల్లెమ్మొదినకి చెప్పానండీ. కుప్ప ఇవాళ కాకపోతే రేపు నూర్చుకోవచ్చు. దీని ఎద రేపో ఎల్లుండో పోద్ది. మళ్ళీ ఎప్పుడొస్తాదో, ఈలోపు కొట్టు తాళం ఎవరన్నా తీస్తే ఏమవుతాదో."

బాపయ్య బుట్టలోకి తొంగి చూశాడు. పట్టు ఆయన మొహంలోకి చూసి నోరంతా తెరిచి కూసింది. ఆయన కొట్టు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. తను తప్ప ఎవరూ తియ్యరని మొలతాడుకు కట్టుకుని, మజ్జిగ తాగడం మరిచిపోయి కళ్ళానికి వెళ్ళిపోయాడు.

రాయచూరు బస్సులో వాళ్ళకు వెనక సీటు దొరికింది. తులసమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, పైన చీరచెంగు కప్పింది. పోత్నాళు దాకా పట్టు నోరెత్తలేదు. ఆ తర్వాత ఎత్తిన నోరు దించలేదు. బస్సులో జనం ఒక్కొక్కరే తిరిగి చూడడం మొదలుపెట్టారు. ఎదురు సీట్లో కూర్చున్న ఒక ముసలవ్వ తులసమ్మ చెంగు కింది బరువును చూసి జాలిపడింది.

"బిడ్డకు పాలియ్యరాదా తల్లీ, గంత ఏడుస్తున్నది," అంది.

నలభై దాటిన తులసమ్మకు చెవులు ఎర్రబడ్డాయి. ఉలిగెమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక, ఇది పాలతో తీరే ఏడుపు కాదనీ, పిల్లికి సంబంధం చూడడానికి కల్లూరు పోతున్నామనీ ముసలవ్వకు చెప్పేసింది. ముసలవ్వ వెనక్కి తిరిగి తన పక్కవాళ్ళకు కన్నడంలో చెప్పింది. వాళ్ళు ముందువాళ్ళకు చెప్పారు. కండక్టరు వచ్చి చెంగు తొలగించి, బుట్ట సందుల్లోంచి రాగి కళ్ళు చూసి, పెళ్ళికూతురికి టికెట్టు అక్కర్లేదని ఉర్దూలో అన్నాడు. సిగ్గు పోయి తులసమ్మ కూడా నవ్వింది. పెళ్ళికొడుకు ఏ ఊరు, ఏ రంగు, ఎవరి ఇంటివాడు అని బస్సంతా అడుగుతుంటే, చూడని వరుడి గురించి ఆమె చూసినట్టే చెప్పుకుపోయింది.

మాన్వి దాటాక చక్రంలో గాలి పోయింది. డ్రైవరు దిగి చూసి, బీడీ ముట్టించి, చెట్టు నీడలో కూర్చున్నాడు. తులసమ్మ పొద్దువైపు చూసింది. బుట్టలో చెయ్యి పెడితే పట్టు ఒళ్ళు కాలిపోతోంది. అరిచి అరిచి నోరు తెరుచుకుని రొప్పుతోంది. ఆమె చెంగు కొస నీళ్ళలో తడిపి దాని చెవులు తుడిచింది, పాదాలు తుడిచింది. ముసలవ్వ నేరుగా డ్రైవరు దగ్గరికి పోయి ఏదో అంది. ముహూర్తం దాటిపోతుందని అన్నట్టుంది, ఎందుకంటే డ్రైవరు బీడీ పారేసి లేచాడు. పత్తి బేరానికి పోతున్న ఇద్దరు చొక్కాలు విప్పి జాకీ తిప్పారు. అంత త్వరగా ఆ బస్సు చక్రం ఎప్పుడూ మారలేదని కండక్టరు మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

కల్లూరులో దిగేసరికి ఇంకా బాగా వెలుతురు ఉంది.

బసవప్ప గౌడ పెద్దమనిషి, మాటలో మర్యాద ఉన్నవాడు. క్యాంపు నుంచి పిల్లి కోసం ఒక ఇల్లాలు వచ్చిందని వినగానే మీసాల చాటున నవ్వుకుంటూ ఎదురొచ్చి, నడిమింట్లోకి రమ్మన్నాడు. ఉలిగెమ్మ మాత్రం ఎవరూ చెప్పకుండానే పక్కదారిన పశువుల కొట్టం వైపు వెళ్ళిపోయింది. అక్కడ నింగవ్వ పేడ తట్ట దించి, చేతులు కడుక్కోకుండానే చెల్లెలి మొహం మోచేతులతో దగ్గరికి తీసుకుంది.

నడిమింట్లో, నల్లబండల నేలమీద, కంబళి మడతపై గౌడ మగపిల్లి నవాబు పడుకుని ఉంది. గౌడ భార్య చెన్నవ్వ పక్కన కూర్చుని కొయ్య దువ్వెనతో దాని జూలు దువ్వుతోంది. తులసమ్మ నిలబడిపోయింది. రాజా కంటే పెద్ద తల, రాజా కంటే వెడల్పు ఛాతీ. తోక కంబళి దాటి నేలమీద పరుచుకుంది. ఆమె వంగి దాని నోరు తెరిచి పళ్ళు చూసింది, చెవుల్లో చూసింది, వేలితో వీపు వెంట తడిమింది. వంక పెట్టడానికి ఒక్కటి దొరకలేదు. 

చెన్నవ్వ జొన్నరొట్టె, వంకాయ పల్యం, పెరుగు పెట్టింది. తులసమ్మ తింటూ పట్టు సంగతి చెబుతూనే ఉంది. గౌడ తన నవాబు సంగతి చెప్పాడు. ఇలాంటిది రాయచూరు జిల్లాలో ఇంకోటి లేదనుకున్నానన్నాడు. మునీరాబాదులో కాలువ పనుల కాంట్రాక్టు చేసే రోజుల్లో, కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడే ఎంచుకుని తెచ్చుకున్నానన్నాడు.

తులసమ్మ చేతిలో రొట్టె ముక్క ఆగింది.

"ఎవరింటి నుంచండీ?"

గౌడ చెప్పాడు. బెంగాలీ ఇంజనీరు. ఒక ఈతలో మూడు పిల్లలు. ఒకటి తనకిచ్చి, మిగతా జతను వాళ్ళే ఉంచుకున్నారు.

ఆ జతే తన ఇంటికి వచ్చింది. రాజా, పోయిన ముసలి ఆడపిల్లి, ఈ నవాబు, ముగ్గురూ ఒక్క కడుపున పుట్టినవాళ్ళు. పట్టు తల్లికైనా తండ్రికైనా నవాబు తోడబుట్టినవాడే. ఇంత దూరం వచ్చి ఆమె మళ్ళీ తన ఇంటి గుమ్మంలోనే నిలబడింది. ఆ మాటే గౌడతో చెప్పింది.

గౌడ నవ్వాడు.

"మేనమామే కదమ్మా. మీ దిక్కు చేసుకోరా? మా దిక్కు ఏరికోరి చేసుకుంటారు. మా చెన్నవ్వ నా సొంత అక్క బిడ్డ."

తులసమ్మ రొట్టె పళ్ళెంలో పెట్టింది. మనుషుల సంగతి వేరని, తన ఇంట్లో పిల్లులకు రెండు తరాలుగా ఇదే జరిగిందని నెమ్మదిగా అంది. పిల్లల ముక్కుల్లోంచి పాలు కారిన సంగతి చెప్పింది. ఏ జబ్బూ లేకుండానే చేతిలో తేలికైపోయిన సంగతి చెప్పింది. చెన్నవ్వ దువ్వెన ఆపింది. ఆ ఇంట్లో ఆడుకునే పసివాళ్ళ చప్పుడు లేదన్న సంగతి తులసమ్మ అప్పుడే గమనించి, చెప్పడం చాలించింది.

గౌడకు ఇదంతా అతిగా అనిపించింది. జాతి జాతితో కలిస్తేనే జాతి నిలుస్తుందన్నాడు. రాత్రికి ఇక్కడే ఉండమని, రెండింటినీ ఒక గదిలో వదిలేద్దామని చెప్పి పొలం వైపు వెళ్ళాడు.

ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా చెన్నవ్వ నవాబు తోక దువ్వుతూ ఉండిపోయింది. తర్వాత గొంతు తగ్గించింది. నవాబు పోయినేడు ఒక ఊరపిల్లితో కలిసిందని, ఆ పిల్లలను కల్తీవని గౌడ సంచిలో కట్టి బావిలో వేసి రమ్మన్నాడని, ఆ పని నింగవ్వకు చెప్పాడని అంది.

"సంచి తేలికగా పోయింది బావికి. నేను చూసినా చూడనట్టే ఉన్న. ఒక మొగపిల్ల నింగవ్వ ఇంట్ల ఉన్నది. దాన్ని చూడు పోమ్మా."

అక్కడివాళ్ళు కేరి అనే కూలివాళ్ళ వాడ ఊరి చివర, జొన్నచేలకు ఆనుకుని ఉంది. ఉలిగెమ్మ తన ఇంటికి ఇన్నేళ్ళుగా వస్తున్నా తులసమ్మ అలాంటి ఇంట్లోకి ఎప్పుడూ వంగి అడుగుపెట్టలేదు. నింగవ్వ చాప దులిపి వేసింది. వేసి, గోడకు ఆనుకుని నిలబడింది. చెన్నవ్వ చెప్పి పంపిందన్నా ఆమె భయం పోలేదు. పిల్లీ గిల్లీ ఏం లేదని మొదట అంది. ఇంతలో అటక మీదినుంచి అది తనే దూకింది.

తులసమ్మ ఉత్సాహం సగానికి సగం జారిపోయింది. పచ్చచారల ఊరపిల్లి. బొచ్చు పొట్టి. ఒక చెవి కొస చిరిగి ఉంది. నింగవ్వ దాన్ని పులిగాడని పిలుస్తుంది. ఎలుకలను కాదు, పందికొక్కులను పడుతుందని ఉలిగెమ్మ గొప్పగా చెప్పింది. తులసమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుని గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. గుండ్రటి తల. చప్పిడి ముక్కు. కళ్ళు రాగిరంగు. నవాబు మొహమే, బట్టలు మార్చుకున్నట్టు. నోరు తెరిచి చిటికెనవేలితో అంగిలి తడిమింది. గట్టిగా, నున్నగా ఉంది. పులిగాడు ఆ వేలిని కొరికి వదిలాడు. ఆ కొరుకులోని బలానికి ఆమెకు నవ్వొచ్చింది.

సగం కొత్త రక్తం. బొచ్చు రాకపోవచ్చు. క్యాంపులో అందరూ పుట్టిన పిల్లలను చూసి వీధిపిల్లులని నవ్వొచ్చు. నవాబుతో కలిపితే బొచ్చు తప్పకుండా వస్తుంది, ఆ బొచ్చు వెచ్చదనం ఆరకముందే చేతిలో చల్లబడుతుంది. ఆమె ఇక ఆలోచించలేదు.

"నింగవ్వా, మీవాణ్ణి నా పట్టుకు ఇస్తావా?"

నింగవ్వ చెల్లెలి వైపు చూసింది. "గౌడకు తెలిస్తే?"

ఆ మాటతో తులసమ్మ పులిగాడిని ఒళ్ళోంచి దించింది. తను వచ్చి ఈ ఇంట్లో కూర్చోవడమే దీని గుట్టు బయటపెట్టినట్టయింది. వద్దంటే ఇప్పుడే బుట్ట ఎత్తుకుని పోతానంది, మనస్ఫూర్తిగానే అంది. నింగవ్వ పులిగాడి వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిమిరింది.

"ఎన్ని దినాలు గంప కింద దాస్త అమ్మా. కానియ్యి."

పులిగాడు తన ఇంట్లో ఉన్నాడు, పట్టుకు ఆ ఇల్లు కొత్త. అందుకని బుట్టను గది మధ్యలో మూతతోనే పెట్టారు. పులిగాడు దాని చుట్టూ తిరిగాడు. వెదురు సందుల్లో ముక్కు పెట్టాడు. లోపలినుంచి పంజా వచ్చి ఆ ముక్కు మీద చెళ్ళుమని పడింది. ఒకే దూకుతో అటకెక్కి, చూరులోంచి బయటికి పోయాడు.

తులసమ్మ నీరుగారిపోయింది. పట్టు ఇంతదూరం మగతోడు కోసం అరిచి, తీరా వచ్చాక కొట్టిందని కోపం వచ్చింది. ముగ్గురూ అరుగు మీదికి వచ్చి, ఎవరూ ఏమీ ఎదురుచూడనట్టు కూర్చున్నారు. నింగవ్వ శనక్కాయలు తెచ్చింది. ఉలిగెమ్మ ఒలిచింది. సంగతి కేరిలో పాకి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురుగా వచ్చి చేరారు. క్యాంపమ్మ పిల్లి పుట్టింటికి పోతుందా అత్తింట్లో ఉంటుందా అని ఒకామె అడిగింది. లోపల ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో ఉన్నట్టుండి పట్టు గొంతు వేరేగా, మెత్తగా, గుటకలు వేసినట్టు వినిపించింది. తులసమ్మ తలుపు సందులోంచి చూసింది. పులిగాడు ఎప్పుడు దిగాడో దిగి, బుట్టకు వీపు పెట్టి, తనకేమీ పట్టనట్టు పాదం నాక్కుంటున్నాడు. పట్టు లోపలినుంచి బుట్ట అంచుకు ఒళ్ళు రుద్దుకుంటోంది.

తులసమ్మ మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి మూత తీసి, మళ్ళీ పాక్కుంటూ వెనక్కి వచ్చింది.

పట్టు బయటికి వచ్చి నేలమీద పొట్ట ఆనించి నడుము ఎత్తింది. తోక పక్కకు తప్పించింది. పులిగాడు ఒక్క అంగలో వచ్చి మెడ వెనక జూలు పళ్ళతో పట్టాడు. నోట్లో అంత బొచ్చు వాడికి కొత్త. ఉక్కిరిబిక్కిరై వదిలి, సరిగ్గా చూసుకుని మళ్ళీ పట్టాడు. ఆ తర్వాత పట్టు పెట్టిన కేకకు అరుగు మీది ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. వెంటనే అది గిరుక్కున తిరిగి మగవాడిని ఒక్క చరుపు చరిచింది. చరిచి, చాప మీద ఇటూ అటూ హాయిగా దొర్లింది. పులిగాడు కుండల వెనక్కి పోయి ఈ పెళ్ళి తనకు అర్థం కాలేదన్నట్టు చూశాడు. తులసమ్మ తలుపు మూసి, రెండు చేతులూ మొహం మీద వేసుకుని నవ్వింది. నింగవ్వ కూడా నవ్వింది. ఆమె నవ్వడం తులసమ్మ అప్పుడే మొదటిసారి చూసింది.

ఒక్కసారి కలిస్తే చాలదని తులసమ్మకు తెలుసు. మర్నాడంతా రెండింటినీ అక్కడే ఉంచాలి. గౌడ ఇంటికి కబురు పంపింది, రాత్రికి కేరిలోనే ఉంటానని.

పొద్దున్నే గౌడ స్వయంగా వచ్చాడు. కేరి మొదట్లో నిలబడి నింగవ్వను కేకేశాడు. నింగవ్వ వచ్చి తల వంచుకుని నిలబడింది. గుమ్మంలో పులిగాడు ఎండ కాచుకుంటున్నాడు. ఆ మొహం ఎవరిదో గౌడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

బావిలో వెయ్యమన్నదాన్ని ఎందుకు వెయ్యలేదని అడిగాడు.  తులసమ్మ అడుగు ముందుకు వేసి తప్పు తనదని ఏదో అనబోయింది. అప్పటికి చెన్నవ్వ వచ్చింది. తలమీది చెంగు సర్దుకుంటూ, గబగబా నడిచి వచ్చిన ఆయాసంతో. ఆమె అంతకుముందు ఎప్పుడైనా కేరి దాకా వచ్చినట్టు ఎవరికీ గుర్తులేదు.

"నేనే ఉంచమన్న," అంది భర్తతో. "నేను ఉంచమంటేనే ఉంచింది."

అది అబద్ధమని అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. గౌడ తన భార్య వైపు చూశాడు. ఆయన మీసం ఒకసారి కదిలింది. మంచి జాతిని చేజేతులా కల్తీ చేసుకున్నారని తులసమ్మతో మర్యాదగానే అని, వెనక్కి తిరిగాడు. నింగవ్వను పనిలోకి రావద్దని అనలేదు. చెన్నవ్వ మాత్రం ఆయన వెంట వెళ్ళకుండా గుమ్మం దాకా వచ్చి, లోపల చాప మీద దొర్లుతున్న పట్టును చూసింది. పులిగాడిని ఎత్తుకుని, కాసేపు ఛాతీకి ఆనించుకుని దించింది.

క్యాంపుకు తిరిగి వచ్చేసరికి నూర్పిడి అయిపోయింది. బాపయ్య ఒళ్ళంతా వడ్లదుమ్ముతో గడపలో కూర్చుని, భార్య మొహం చూసి, సంబంధం కుదిరిందా అని మాత్రం అడిగాడు.

పట్టు మాఘంలో ఒక రాత్రి ఈనింది. వెలుతురు రాగానే తులసమ్మ ఒక్కొక్కదాని నోట్లో వేలు పెట్టి చూసి, ఒక్కొక్కసారీ బాపయ్యకు గట్టిగా చెప్పింది. చీలిక దేనికీ లేదు. అన్నీ తల్లి చన్నులు పట్టుకుని, ఒకదాన్నొకటి తన్నుకుంటూ తాగాయి. రోజురోజుకూ అరచేతిలో బరువెక్కాయి. అవి పచ్చచారలో, బూడిదచారలో, ఏవైనా కానీ అనుకుంది. పొట్టి బొచ్చుకే సంతోషపడడం అలవాటు చేసుకుంది. ఒక పొద్దున ఎండలో పిల్లలను గడ్డిమీద వదిలి చూస్తుంటే, రెండింటి తొడల మీద, చెవుల లోపల, సన్నటి పొగలా ఏదో లేచి కనిపించింది. కళ్ళు నులుముకుంది. వంగి ఊదింది. ఆ పొగ రెండుగా చీలి, లోపలి గులాబిరంగు చర్మం కనిపించి, మళ్ళీ కలిసిపోయింది. పొడుగు బొచ్చు. పొట్టి బొచ్చు తండ్రి రక్తంలో దాక్కుని వచ్చిన పొడుగు బొచ్చు. తులసమ్మ కాలువ గట్టు దాకా పరిగెత్తుకుంటూ పోయి నాట్లు వేస్తున్న ఉలిగెమ్మను బురద కాళ్ళతోనే లాక్కొచ్చి చూపించింది.

ఆ కబురు కల్లూరుకు ఎలా చేరిందో, ఉలిగెమ్మే చేర్చి ఉంటుంది, ఉగాది దగ్గర పడ్డాక బసవప్ప గౌడ క్యాంపుకు వచ్చాడు. వెనక నింగవ్వ ఖాళీ బుట్ట మోసుకుంటూ వచ్చింది. శివరాత్రికి ముందు నవాబు చనిపోయిందని ఆయన చెప్పాడు. చెన్నవ్వ ఆ కంబళి మడత తియ్యనివ్వడం లేదన్నాడు. కాసేపు చేతికర్ర కొసతో నేలమీద గీశాడు.

"నింగవ్వ దగ్గరున్నది కాక నవాబు వంశం ఇంక ఎక్కడా లేదు. మీ ఇంట్ల పుట్టిన మనవళ్ళే. ఒక పిల్లను ఇప్పించండమ్మా. ఏదైనా సరే."

తులసమ్మ కుర్చీ వేయించింది. ఇస్తానన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె చూపు గుమ్మం బయట ఎండలో బుట్ట పట్టుకుని నిలబడ్డ నింగవ్వ మీద పడింది.

"పిల్లల్లో సగం మగపిల్లి ఇంటివాళ్ళవి గౌడగారూ. అవి ఏవో నేను ఎంచలేదు. ఎంచాల్సింది ఆవిడే. ఆవిణ్ణే అడగండి."

గౌడ వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళలో నింగవ్వకు ఆయన పని చెప్పాడు, కేకేశాడు, అప్పుడప్పుడు మంచి మాట కూడా అన్నాడు. అడగడం మాత్రం రాలేదు.  ఏమని పిలిచి మొదలుపెట్టాలో తెలియనట్టు చేతికర్ర చెయ్యి మార్చుకున్నాడు.

"నింగవ్వా. ఒకటి ఇస్తావా మన ఇంటికి?"

నింగవ్వ తులసమ్మ వైపు చూసింది. తులసమ్మ లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. నింగవ్వ బుట్ట బయటే పెట్టి, కాళ్ళు దులుపుకుని, గడ్డి పరిచిన మూలకు వెళ్ళి కింద కూర్చుంది. కూర్చోగానే పిల్లలన్నీ ఒక్కసారిగా ఆమె ఒళ్ళోకి ఎక్కాయి. పొడుగు బొచ్చువి, పొట్టి బొచ్చువి. ఒకటి భుజం మీదికి పాకింది, ఒకటి మోచేతి మడతలో దూరింది. లేవాలన్నా లేవలేని విధంగా నిండిపోయిందామె. మొహం అంతా నవ్వై, ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, తిప్పి చూస్తోంది.

గౌడ కుర్చీ సంగతి మరిచిపోయి ఆమె ముందు నిలబడి ఉన్నాడు. ఏది అని అడిగాడు.

"ఉండు గౌడ్రా," అంది నింగవ్వ తల ఎత్తకుండా. "జర చూడనియ్యి."